కారోబార్ కొడుకు

మా ఊర్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పటికీ తక్కువే. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, హోటల్ బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఎవరో కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవర్రా, కారోబార్ కొడుకువా?" అంటాడు. నాయిన ఆ పని మానేసి పదేళ్లు దాటింది. మా ఇంటిపేరు ఊళ్లో సగం మందికి తెలియదు, కారోబార్ ఇల్లు ఏదని అడిగితే మాత్రం చిన్న పిల్లగాడు కూడా తీసుకొచ్చి గడప ముందు నిలబెడతాడు.

కారోబార్ అంటే ఏంటో కోస్తా వైపు దోస్తులకు చెప్పడానికి ప్రతిసారీ తిప్పలే. గుమాస్తా అంటే సగమే చెప్పినట్టు, బిల్ కలెక్టర్ అంటే పావు వంతు. గ్రామ పంచాయతీలో పద్దులు రాసేది, ఇంటి పన్ను వసూలు చేసేది, నల్లా రాకపోతే తిట్లు తినేది, వీధిలైటు మాడిపోతే కొత్తది తెచ్చేది, కుక్క చచ్చి పడితే తీయించేది, మంత్రి వస్తే ఇంటింటికీ పోయి కుర్చీలు అడుక్కొచ్చేది అంతా అతనే. సర్కారు నౌకరీ కాదు. పంచాయతీ తీర్మానం చేసి పెట్టుకున్న మనిషి. జీతం కూడా పంచాయతీకి వచ్చే పైసల్లోంచే, అంటే నాయిన ఊరంతా తిరిగి పన్ను వసూలు చేస్తేనే నాయినకు జీతం. మార్చిలో వసూళ్లు బాగుంటే మా ఇంట్లో పాత బాకీలన్నీ తీరేవి, వానాకాలం వచ్చేసరికి మళ్లీ నాలుగైదు నెలలు వెనకబడేది. అమ్మ దాన్ని "పంట జీతం" అనేది. కిరాణా కొట్టు సేటుకు కూడా ఆ సంగతి తెలుసు, "మార్చి అయినంక ఇద్దురులే" అని రాసుకునేవాడు.

నాయిన 1981 ఎన్నికలు అయిన ఏడే చేరాడు. ఆ తర్వాత 1988, 1995, 2001, 2006, 2013. ఆరు ఎన్నికలు, ఆరుగురు సర్పంచ్‌లు. ఒకరు వడ్ల వ్యాపారి, ఒకరు రిటైరైన పంతులు, ఒకాయనైతే ఐదేళ్లలో ఆఫీసు గడప తొక్కింది పదిసార్లేమో, మిగతా అంతా తన ఇంటి అరుగు మీదే నడిపించాడు. మధ్యలో ఎన్నికలు ఆలస్యమైతే ప్రత్యేకాధికారులు. సెక్రటరీ సారుకు మూడు నాలుగు ఊర్లు ఉండేవి, వారానికోసారి వస్తే వచ్చినట్టు. అందుకే రోజూ పొద్దున ఆఫీసు తాళం తీసి, ఊడ్పించి, చెక్క బల్ల మీద రిజిస్టర్ పెట్టుకుని కూర్చునే మనిషి మాత్రం ఒక్కడే.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. బొడ్రాయి దగ్గర ఒక్క గది, ముందు చిన్న వసారా. లోపల రెండు బీరువాలు, అందులో ఒకదానికి తలుపు సరిగ్గా పడేది కాదు, ఒక ఇనుప సందుగ, గోడకు గాంధీ, నెహ్రూ ఫోటోలు, తర్వాత అంబేడ్కర్ ఫోటో కూడా వచ్చింది. నెహ్రూ ఫోటో చూసినప్పుడల్లా నాయిన, పంచాయతీరాజ్ దేశంలో మొదట రాజస్థాన్‌లో పెట్టిండ్రు, తర్వాత మన షాద్‌నగర్‌లనే, 1959లో, అని ఆ పాలమూరు జిల్లా ఊరు తన సొంత ఊరైనట్టు చెప్పేవాడు. గదిలో వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుస్తుంది. బ్లీచింగ్ పౌడర్ బస్తా, స్టాంపు ఇంకు, ఎలుకలు కొరికిన కాగితం, అన్నీ కలిసిన వాసన.

నా చిన్నప్పుడు ఆ గదికి విలువ తెచ్చింది రేడియో. పంచాయతీ రేడియో అనేవాళ్లు. పెట్టె లోపల, హారన్ బయట వేపచెట్టు కొమ్మకు. సాయంత్రం హైదరాబాద్ కేంద్రం వార్తలు, వ్యవసాయం ముచ్చట్లు వచ్చే టైమ్‌కు చెట్టు కింద బీడీల పొగ కమ్ముకునేది. నాయిన వసూళ్లకు పోయిన రోజు తాళంచెవి నా చేతికిచ్చి "రేడియో పెట్టి రాపో" అనేవాడు, ఆ బిరడా తిప్పడం కోసం నేను ఆటలు మధ్యలో వదిలేసి ఉరికేవాణ్ణి. ఊర్లోకి నాలుగు టీవీలు వచ్చాక ఎవరూ అడగలేదు, ఒక రోజు హారన్‌లో పిచ్చుకలు గూడు పెట్టాయి, ఇక అంతే.

అసలు పని నీళ్లది. పంచాయతీ పనంతా ఒక పక్కన పెట్టి నీళ్లు ఒక పక్కన పెడితే నీళ్ల పక్కే కిందికి దిగుతుంది. మోటరు నడవాలంటే త్రీఫేజ్ కరెంటు కావాలి, అది ఒక వారం పగలు, ఒక వారం రాత్రి రెండింటికి వచ్చేది. వాటర్‌మన్ మాకు వరసకు బావ అవుతాడు, అతను, నాయిన వంతులవారీగా బోరు దగ్గర నులకమంచం వేసుకుని పడుకునేవాళ్లు. కరెంటు వచ్చిందంటే స్టార్టర్ నొక్కాలి, ట్యాంకు నిండేదాకా కూర్చోవాలి, నిండాక వాల్ తిప్పాలి. వాల్ తిప్పే పానా మూడడుగుల ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి. రోడ్డు పక్కన సిమెంటు గూనలో దిగి, బురదలో చెయ్యి పెట్టి తడుముకుని, పానా పట్టించి తిప్పితే లోపల నీళ్లు గురగురమని కదిలిన చప్పుడు ముందు చేతికి తెలిసేది, తర్వాత చెవికి. ఒక్కో వాడకు అరగంట. నాయినకు గడియారం ఉండేది కాదు, బిందెల వరసను బట్టి చెప్పేవాడు ఎంతసేపయిందో.

ఆ నీళ్లేమైనా మంచివా అంటే అదో కథ. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. పేపర్లలో బట్లపల్లి, శివన్నగూడెం పేర్లు చూసినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు. మా వాడలో మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పే మనుషులు ఉండేవాళ్లు, నడుము వంగిపోయి నేలను చూస్తూ నడిచే పెద్దమ్మలు ఉండేవాళ్లు, ఊళ్లో అది ముసలితనం అనుకున్నాం చాలా ఏళ్లు. నా పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో గ్రూప్ ఫోటో దిగినప్పుడు పెదాలు బిగించుకుని నిలబడ్డాను, ఇప్పుడు కూడా నవ్వే ఫోటో నాది ఒక్కటీ దొరకదు.

నల్లగొండ టెక్నిక్ అని ఒకటుంది, విన్నారా? నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1975లో తయారు చేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం నీళ్లలో వేసి కలిపితే ఫ్లోరైడ్ అడుక్కు దిగుతుంది, పైన తేట తీసుకుని తాగాలి. ప్రపంచంలో ఎక్కడెక్కడో పుస్తకాల్లో మా జిల్లా పేరు ఈ రకంగా ఎక్కింది, మంచిదే. కానీ ఊళ్లో దాన్ని చేసి చూపించాల్సింది ఎవరు? కారోబారే. నాయిన వసారాలో రెండు ప్లాస్టిక్ బకెట్లు పెట్టి, తెడ్డుతో కలిపి, "గిట్ల తిప్పాలె, ఆపొద్దు, తర్వాత గంట సేపు ముట్టొద్దు" అని చెప్తుంటే, చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె "మాకు కలుపుకుంట కూసునే తీరిక ఉంటే నువ్వు చెప్పేదాకా ఎందుకు కారోబారు, కూలికి ఎవరు వోతరు?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. పటిక, సున్నం సంచులు కొన్నాళ్లు పంచారు, తర్వాత అవీ రాలేదు. మిగిలిన పటిక అమ్మ మా ఇంట్లో చాలా రోజులు వాడింది, నాయినకు గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికి కూడా అదే.

బోరింగులకు ఎర్ర రంగు వేయించింది కూడా ఆయనే. ఈ నీళ్లు తాగరాదు అని. రంగు వేసిన మరుసటి రోజు పొద్దున అదే బోరింగు దగ్గర మా అమ్మ వరుసలో నిలబడి ఉంది. ఇంకెక్కడ పోవాలి?

ఇక ఇంటి పన్ను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, 1990లో, నా దస్తూరి బాగుంటుందని నాయినకు ఒక ఆలోచన వచ్చింది. డిమాండ్ రిజిస్టర్ ఏటా కొత్తగా రాయాలి. ఇంటి నంబరు, యజమాని పేరు, పాత బాకీ, ఈ ఏటి పన్ను, మొత్తం. పాత పుస్తకం చూసి కొత్త పుస్తకంలోకి దించడమే. ఎండాకాలం సెలవుల్లో నాకు అప్పగించాడు, రోజుకు రెండు పేజీలు రాస్తే గోలీ సోడా. నేను సోడా మీద ధ్యాసతో గబగబా రాసి వారంలో ముగించాను. రెండు కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయని, నేను రెండూ కలిపి తిప్పేశానని ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

తెలిసింది మళ్లీ ఫిబ్రవరిలో. మూడో వార్డులో వసూళ్లకు నాయినతో నేనూ పోయాను, సంచి మోయడానికి, స్టాంపు ప్యాడ్ పట్టుకోవడానికి. ఒక గుడిసె ముందు అవ్వ ఒకామె మమ్మల్ని దూరం నుంచే చూసి కొంగు ముడి విప్పుతోంది. ఆమె పన్ను ఏడాదికి ఐదు రూపాయల లోపే, ఏ ఏడూ అడిగించుకునేది కాదు. నాయిన రిజిస్టర్ తెరిచి వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయాడు. 3-37 ఉంది. దాని కింద 3-52 ఉంది. వేలు మళ్లీ పైకి పోయింది, మళ్లీ కిందికి వచ్చింది. 3-41 లేదు.

"నీ పేరు కనబడతలేదు అవ్వా" అన్నాడు, మామూలుగానే.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. చేతిలో చిల్లర అట్లాగే పట్టుకుని ఉంది. తర్వాత ఏమనుకుందో లోపలికి పోయింది, పొగాకు డబ్బా తెచ్చింది, రేకుది, మూత తుప్పు పట్టింది. అందులో రసీదులు. చుట్టలు చుట్టి, దారం కట్టి. చదువు రాదు, అయినా ఒక్కొక్కటి తీసి అరుగు మీద పరుస్తుంటే సంవత్సరాల వరుస ఎక్కడా తప్పలేదు, పాతవి పసుపు కాగితం, తర్వాతవి తెల్లవి, కార్బన్ నీలం రాతలు, కొన్నింటి మీద మా నాయిన సంతకం, అంతకు ముందువాటి మీద ఎవరిదో. గాలికి ఎగరకుండా ఒక్కో దాని మీద ఒక్కో గులకరాయి పెట్టింది. అరుగు నిండింది.

"గిన్నేండ్లు కట్టిన. మరి నేనీ ఊర్ల లేనా? సచ్చిపోయిన్నా?"

అరవలేదు. నిజంగానే అడిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కాలంలో ఊళ్లో రెండు లెక్కలు. భూమి లెక్క పట్వారీ దగ్గర, ఇంటి లెక్క పంచాయతీ దగ్గర. ఎనభైల మధ్యలో పటేల్ పట్వారీ పద్ధతి రద్దయింది, ఆ దస్త్రాలు మండలాఫీసుకు చేరాయి. గుంట భూమి కూడా లేనివాళ్ల పేరు ఆ దస్త్రాల్లో ముందూ లేదు, వెనకా లేదు. వాళ్లు ఈ ఊరివాళ్లని చెప్పే కాగితం ఓటరు లిస్టు పోతే ఈ ఇంటి పన్ను రసీదే. నేను గోలీ సోడా కోసం తిప్పేసిన కాగితంలో అలాంటి ఇళ్లు 14.

నాయిన నన్ను కొట్టలేదు. అక్కడేమీ అనలేదు కూడా. అవ్వ దగ్గర డబ్బు తీసుకుని రసీదు రాసి ముద్ర వేసి ఇచ్చాడు, ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ముద్ర ఉందని ఖాయం చేసుకున్నాకే డబ్బాలో పెట్టింది. ఇంటికి వచ్చాక ఆ 14 ఇళ్లు ఒక కాగితం మీద రాయించి, "పోయి ఒక్కొక్క ఇంటి ముందల నిలబడి నంబరు, పేరు సదివి రా, సరిగున్నదా అని అడుగు" అన్నాడు. పోయాను. ఒక ఇంట్లో యజమాని చనిపోయి మూడేళ్లయింది, పుస్తకంలో ఇంకా ఆయన పేరే. ఆయన భార్య, "ఉండనియ్ బిడ్డా, పేరన్న ఉండనియ్" అంది. ఆ పేరు అట్లాగే రాశాను. రూల్ ప్రకారం తప్పేమో తెలియదు.

రిజిస్టర్‌లో ఆ కాగితం అంటించినందుకు ఆడిట్‌లో ఆబ్జెక్షన్ పడింది. విడి కాగితం ఎందుకు చేరింది, ఎవరు అనుమతించారు అని నాలుగు ప్రశ్నలు, జవాబులు నచ్చక నాయిన జీతంలోంచి 38 రూపాయల రికవరీ. అమ్మ ఆ 38 రూపాయలు నాకు చాలా ఏళ్లు గుర్తు చేసింది. బందెలదొడ్డి సంగతి కూడా ఆమె ఇట్లాగే గుర్తు చేసేది. చిన్నాయిన బర్రె ఎవరి చేలోనో పడితే పట్టుకొచ్చి దొడ్లో కట్టేశారు, నాయిన సొంత తమ్ముడని చూడకుండా దండగ రాశాడు, చిన్నాయిన దగ్గర పైసల్లేవు, సాయంత్రం అమ్మే పోపుడబ్బాలోంచి తీసి ఆ దండగ కట్టి బర్రెను విడిపించుకొచ్చింది. రసీదు కూడా అడిగి తీసుకుంది, మొగుడి చేతనే రాయించుకుంది.

1995 ఎన్నికలు వచ్చినప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. రాజ్యాంగ సవరణ అయ్యాక మొదటి ఎన్నికలు, మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు. మా ఊరు ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. గెలిచినామె నాట్లకు పోయే మనిషి, మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది. మొదటి మీటింగ్ రోజు ఆఫీసులో ఉన్న ఒక్కగానొక్క చేతుల కుర్చీ కనబడలేదు. రిపేరుకు పోయిందట. అప్పటిదాకా ఆ కుర్చీకి రిపేరు వచ్చిందని ఎవరూ అనలేదు. ఆమె గడప దగ్గర నిలబడి ఉంది, వార్డు మెంబర్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు, ఎవరూ ఎవరి మొహం చూడట్లేదు. నాయిన బయటికి వచ్చి సైకిలెక్కి ఇంటికి పోయి, నేను చదువుకునే ఇనుప మడత కుర్చీ క్యారేజీకి కట్టుకుని వచ్చాడు. దాన్ని విప్పి బల్ల వెనక వేసి, "కూసో అక్కా, కోరం అయింది, ఎజెండా సదవాలె" అన్నాడు. అంతే. ఆ కుర్చీ మళ్లీ మా ఇంటికి రాలేదు, నేను డిగ్రీ అయిపోయేదాకా సెలవుల్లో గడపలోనే కూర్చుని చదువుకున్నాను.

సంతకం పెద్ద పంచాయితీ అయింది. వేలిముద్ర వేయనని ఆమే పట్టుబట్టింది. పాత రసీదు పుస్తకాల అట్టల వెనక నాయిన ఆమె పేరు రాసి ఇస్తే, మధ్యాహ్నం కూలి నుంచి వచ్చి వసారాలో కూర్చుని దిద్దేది. నాలుక కొద్దిగా బయటపెట్టి, పెన్నును కొడవలి పట్టినట్టు పట్టుకుని. బ్యాంకు వాళ్లు సంతకం కలవలేదని చెక్కు మూడుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి ఆమె, "మునుం పట్టి నాటేస్తే బెత్తెడు పక్కకు వోదు, గీ అక్షరాలేమో ఎటువడితే అటు వంకరవోతున్నయ్" అని నవ్వింది. నాలుగో చెక్కు పాసైంది.

ఆమె చేసిన పనుల్లో జవహర్ రోజ్‌గార్ పథకం పైసలతో వేసిన సీసీ రోడ్డు ఉంది, ఇంకేవో ఉన్నాయి, కానీ ఊరు ఇప్పటికీ చెప్పుకునేది వాల్ సంగతి. పైపులైను ట్యాంకు దగ్గర మొదలై పెద్దోళ్ల వాడల మీదుగా పోయి చివర ఎస్సీ కాలనీలో ఆగుతుంది. ముందువాళ్లంతా నల్లాలు విప్పి పెడితే చివరికి చేరేది గాలే, నల్లా మూతి దగ్గర చెవి పెడితే బుస్సుమనేది. ఆమె ఒక్క తీర్మానం రాయించింది. మొదటి అరగంట పై వాడల వాళ్లు బంద్, చివరి కాలనీకే నీళ్లు, తర్వాత మిగతావాళ్లకు. రెండు రోజులు లొల్లి. పానా ఇవ్వమని వాటర్‌మన్ బావను కొట్టబోయారు. అతను పానా తెచ్చి సర్పంచ్ ఇంట్లో దాచాడు, పొద్దున ఆమే పట్టుకుని వచ్చేది, బురదలో దిగేది. నాయిన మినిట్స్ బుక్కులో ఆ తీర్మానం రెండు లైన్లే రాశాడు. "నీటి సరఫరా సమయాలు మార్చుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఏకగ్రీవమట. అప్పుడు ఆ గదిలో అయిన గొడవ విన్న నాకు ఇప్పటికీ ఆ మాట చూస్తే నవ్వొస్తుంది.

మరుసటి ఏడు, 1996 లోక్‌సభ ఎన్నికలకు, నీళ్ల కోసం జల సాధన సమితి పిలుపిస్తే మా జిల్లా జనం నిరసనగా నామినేషన్లు వేశారు చూడండి. నల్లగొండ సీటుకు 480 మంది పోటీలో నిలబడ్డారు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది, ఆ తర్వాత డిపాజిట్ 10,000 చేశారు. దేశమంతా మా గురించి నవ్వుకుందో, ఆలోచించిందో కానీ, మా ఇంట్లో మాత్రం నాయిన రాత్రి పన్నెండింటికి ఓటరు లిస్టు నకళ్లు రాస్తూ కూర్చున్నాడు, నామినేషన్ వేసేవాళ్లకు కావాలని. పంచాయతీ మనిషి ఆ పని చేయొచ్చా అని అమ్మ అడిగితే "కాయితం రాయమన్నరు, రాస్తున్న" అన్నాడు.

2004లో అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కృష్ణ నీళ్లు హైదరాబాద్‌కు పోవడం మొదలైంది. పట్నానికి పోయే ఆ పెద్ద పైపులు మా జిల్లాలో సాగర్ రోడ్డు పక్కనుంచే. వాల్వుల దగ్గర లీకయ్యే చోట ఆడపిల్లలు బిందెలు పెట్టి నింపుకునేవాళ్లు, బస్సులోంచి చూస్తూ హైదరాబాద్ పోయి అదే నీళ్లు నల్లా తిప్పి తాగేవాణ్ణి నేను. దీని మీద ఇంకేం చెప్పను.

ఇప్పుడంతా మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. మిషన్ భగీరథ వచ్చాక ఇంటింటికీ కృష్ణ నీళ్లు వస్తున్నాయి, మా అక్క పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, వాళ్లు నోరంతా తెరిచి నవ్వుతుంటే నేను కాసేపు అట్లాగే చూస్తాను. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పంచాయతీకో ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం అనే శ్మశానవాటిక. ఊరికో సెక్రటరీ, ఎక్కువగా చదువుకున్న పిల్లలు, పొద్దున్నే ఫోన్‌లో ఫోటోలు అప్‌లోడ్ చేస్తూ టెన్షన్‌తో తిరుగుతుంటారు. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలన్నారు, ఇద్దరికీ పడని ఊర్లో ఆ సంతకం కోసం పనులు ఆగిపోవడం నేనే చూశాను. కారోబార్, వాటర్‌మన్, సఫాయి అందరినీ కలిపి మల్టీపర్పస్ వర్కర్లు అన్నారు, మొదట్లో 8,500 జీతం. నాయిన జాగాలో ఇప్పుడు పనిచేస్తున్న పిల్లగాడు మొన్న కలిస్తే, పొద్దున మోరీ తీసి, పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రం మొక్కలకు నీళ్లు పోస్తున్నానని చెప్పాడు. "మీ నాయినే నయం అన్నా, ఆయనకు సైకిలొక్కటే" అన్నాడు. నయమా? పంట జీతం గురించి అతనికి చెప్పలేదు.

ఆ అవ్వ 2000 తర్వాత ఎప్పుడో పోయింది. ఇందిరమ్మ ఇండ్లు వచ్చినప్పుడు మనవడు జాగా తమదేనని చూపించడానికి కాగితం లేక తిరుగుతుంటే నాయినే చెప్పాడట, మీ నాయనమ్మ పొగాకు డబ్బా ఎక్కడుందో చూడరా అని. ఎలుకలు ముట్టలేదు. అదే జాగాలో ఇల్లు కట్టుకున్నాడు, నంబరు ఇప్పటికీ 3-41.

మొన్న 2025 డిసెంబర్‌లో ఓటేయడానికి ఊరికి పోయాను. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన తర్వాత సర్పంచ్ ఎన్నికలు, ఊరంతా జాతరలా ఉంది. నాయినకు మతిమరుపు మొదలైంది. మనుషుల పేర్లు పోతున్నాయి, ఇంటి నంబర్లు మాత్రం పోలేదు. పరామర్శకు ఎవరైనా వస్తే కాసేపు మొహం చూసి "2-16 కదా నువ్వు" అంటాడు. వాళ్లు అవునంటారు. నన్ను ఒకసారి ఏ నంబరని అడిగాడు, మన ఇంటి నంబరే చెప్పాను, తల ఊపాడు.

ఆ రాత్రి రెండు, రెండున్నర అయి ఉంటుంది. మా ఇంటి వెనక ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి నీళ్లు కింద బండల మీద పడుతున్న చప్పుడు. నేను దుప్పటి కప్పుకుని అట్లాగే విన్నాను, ఎవరో వచ్చి ఆపుతారులే అని. పక్క మంచం కిర్రుమంది. నాయిన లేచి కూర్చుని కాళ్లతో నేల మీద చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఏడికి నాయినా?"

"వాల్ బంద్ జెయ్యలే వాడు. పానా ఏడవెట్టినవ్?"